పీఎస్‌డీ అనే నేను

మా తమ్ముడు జేపెగ్‌ను ఎరగనివారు ఉండరు. ఫోన్లలో, స్టేటస్‌లలో, గోడమీది ఫ్రేముల్లో వాడిదే రాజ్యం. నేను పీఎస్‌డీని, ఫోటోషాప్ పని ఫైలును. పనంతా జరిగింది నాలో, పేరంతా వాడికి.

వంశం సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. నోల్ సోదరులు థామస్, జాన్‌లు తయారుచేసిన ఫోటోషాప్ 1990లో బజారుకొచ్చింది, నేను దాని సంతానం. టిఫ్ అన్న 1986 వాడు. జేపెగ్ 1992లో, పీఎన్‌జీ 1996లో వచ్చారు.

నేను పుట్టింది చిన్నకోడూరులో ఒక ఫోటో స్టూడియోలో. ఒక మనవడు తాత, నాయినమ్మల నలుపు తెలుపు ఫోటో తెచ్చాడు. తాత చెంపమీదుగా కాగితం పగిలింది. స్కాన్ చేసిన బొమ్మను ముట్టకుండా అడుగున ఉంచి, పగులు పూడ్చింది ఒక పొరలో, రుమాలు తెల్లబరిచింది ఇంకో పొరలో, నాయినమ్మ నుదుట ఎర్రటి బొట్టు మరో పొరలో, కింద రాసిన పేర్లు వేరే పొరలో దాచుకున్నాను. వెనకాల చంద్లాపూర్ రంగనాయక సాగర్ కట్ట పెట్టమన్నారు. ఆ జలాశయానికి నీళ్లొచ్చింది 2020లో, ముసలివాళ్లు పోయింది అంతకు చాలా ముందే. అయినా నా పుణ్యమా అని కట్టమీద నిలబడ్డారు!

"అన్నా, జేపీజీ చేసి వాట్సాప్‌ల పెట్టు" అన్నాడు మనవడు. తమ్ముడు పుట్టాడు. వాడిలో పొరలన్నీ ఒక్కటైపోయాయి. వాడు బొమ్మను ఎనిమిదికి ఎనిమిది పిక్సెళ్ల గళ్లుగా కోసి, కంటికి ఆనని వివరాన్ని పారేస్తాడు. వెలుగునీడల కంటే రంగులకే ఎక్కువ కత్తెర. వాడిమీద నాకు కోపం లేదు, వాడే లేకపోతే మీ ఫోన్లు ఏనాడో నిండిపోయేవి. ఎన్ని కాపీలు తీసినా వాడికేం కాదు. దిద్ది మళ్లీ సేవ్ చేసినప్పుడల్లా మాత్రం ఇంకాస్త అరుగుతాడు. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే మరింత చిక్కిపోతాడు.

ఫ్రేము ఇంటికి చేరింది. కంప్యూటర్‌లో జాగా చాలలేదు. "పైసలొచ్చినయ్ గదా, ఇంకెందుకిది?" అన్న మాట నా చెవిన పడింది. నాతోటి పెళ్లి ఆల్బమ్ ఫైళ్లను రీసైకిల్ బిన్‌లో వేసి, ఆ బిన్నునూ ఖాళీ చేశారు. రాత్రుళ్లు మేలుకొని కత్తిరించిన కొంగు అంచులు, సరిచేసిన ముఖాలు, అన్నీ ఒక్క నొక్కుకు పోయాయి. నన్నెందుకో పాత హార్డ్‌డిస్క్‌లోకి తోశారు. దానిమీద పేరు రాయలేదు, తేదీ రాయలేదు. ఏళ్లు గడిచినా ఎవరూ తెరిచి చూడలేదు.

వర్ధంతికి మనవడు మళ్లీ వచ్చాడు. "అన్నా, నాయినమ్మ పేరుల ఒత్తు పోయింది. పెట్టి పెద్ద ఫ్లెక్సీ కొట్టియ్యి." నన్ను వెతికే ఓపిక ఎవరికుంది? వాట్సాప్ ఫోటోనే దించి, పాత అక్షరాలమీద నీళ్ల ముక్క అతికి, పేరు మళ్లీ రాసి సేవ్ చేశారు. రంగు చాలలేదంటే దిద్ది, ఇంకోసారి సేవ్ చేశారు. ఫ్లెక్సీమీద బొట్టు అంచు నుదుటికి పాకింది, తాత రుమాలుమీద గళ్లు తేలాయి, అక్షరాల చుట్టూ ముసురు పట్టింది. నాలో ఆ పేరు ఇంకా అక్షరాలుగానే ఉంది. ఒత్తు పెట్టడానికి అర నిమిషం చాలు.

స్టూడియోవాళ్లకు చెప్పేదొకటే: పని ఫైలును పీఎస్‌డీగానో, పొరలతో టిఫ్‌గానో రెండుచోట్ల దాచండి. మార్పు అడిగితే నాలో దిద్ది కొత్త జేపెగ్ తీయండి. ఫోటో చేయించుకునేవారూ, డబ్బులిచ్చేముందు పెన్‌డ్రైవ్ చాపి నన్ను కూడా అడగండి.