ప్లగ్గు తడా, పొడా: ఒక చేతక్ ఆత్మకథ
ఈ స్కూటరుకు ‘నేను’ అనుకునే అలవాటు లేదు. ఎమ్మిగనూరులో అందరూ ‘పెద్దాయన బండి’ అంటారు కాబట్టి, సొంత కథ చెప్పుకునేటప్పుడు కూడా ‘బండి’ అనే చెప్పుకుంటుంది.

బజాజ్ చేతక్. రాణా ప్రతాప్ గుర్రం పేరు మీద 1972లో వచ్చిన మోడల్. డబ్బు కట్టి ఏళ్ల తరబడి కాచుకుంటే తప్ప దొరకని కాలంలో, ఎనభైల్లో, ఈ బండి ఒక మగ్గాల ఇంటికి చేరింది. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు మరి, మనుషుల కంటే నూలు కట్టలనూ బట్టల మూటలనూ ఎక్కువ మోసింది. సుమారు 30 కిలోమీటర్ల ఆదోని రోడ్డు దానికి కంఠతా వచ్చు.

వానాకాలమంతా మూలన నిలబడి, దసరాకు లేవనంది. కిక్కు మీద కిక్కు. పక్కకు వంచి మళ్లీ కిక్కు. చేతక్ ఉన్న ఏ ఇంట్లోనైనా ఈ తతంగం తప్పదు.

“బ్యాటరీ పోయింటాది మామా, మార్చేద్దాం” అన్నాడు అల్లుడు. బండికి నవ్వొచ్చింది. ఈ మోడల్లో ప్లగ్గుకు కరెంటిచ్చేది బ్యాటరీ కాదు, ఇంజన్ పక్కన తిరిగే ఫ్లైవీల్ అయస్కాంతాలు.

టాటా ఏస్‌లో ఎక్కించి ఆదోనికి తెచ్చారు. మెకానిక్ ఒక్క కిక్కు కొట్టి, కాలికి తగిలిన బిగువు చూసి, కంప్రెషన్‌కు ఢోకా లేదనుకున్నాడు. వెంటనే ప్లగ్గు విప్పాడు. “పెద్దాయనా, ఇన్ని కిక్కులు కొడితే ఇది తడవల్ల కదా! పొడిగా ఉండాది.” అంటే పెట్రోలు సిలిండర్ దాకా రాలేదు. ట్యాంకులో ఉంది, నాబ్ తిప్పితే పైపులోకి కారింది, ఆగిపోయింది కార్బురేటర్‌లో. అడుగున పసుపు జిగురు, పైలట్ జెట్ రంధ్రం మూసుకుపోయింది. తీగ పెట్టి గీకితే రంధ్రం పెద్దదవుతుందని గాలి కొట్టి శుభ్రం చేశాడు. పైపు మెత్తబడి ఉబ్బింది. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం దాకా కలిసే ఇథనాల్ తేమను పీలుస్తుంది, పాత రబ్బరును ఉబ్బిస్తుంది. ఎనభైల నాటి పైపుకు ఆ సంగతి ఎవరు చెప్పారు? ఎయిర్ ఫిల్టర్ నిండా దూది. ఆదోని పత్తి యార్డు దారిలో తిరిగిన బండికి అదొక్కటే జీతం.

మళ్లీ కిక్కు. లేవలేదు.

ప్లగ్గు ఈసారి తడిగా వచ్చింది. పెద్దాయన మొహం వాడింది గానీ మెకానిక్ హుషారయ్యాడు: పెట్రోలు వచ్చింది, ఇక తేలాల్సింది కరెంటే. ప్లగ్గును ఇంజన్‌కు ఆనించి కిక్కు కొట్టించాడు. రవ్వ లేదు. తాళం దగ్గరికి పోయే ఆఫ్ వైరు ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలినా ఇంజన్ చచ్చినట్టే ఉంటుంది కాబట్టి ముందు దాన్ని ఊడదీశాడు. మార్పు లేదు. అప్పుడు ఫ్లైవీల్ కిటికీలోంచి టార్చి వేసి చూస్తే, కాంటాక్ట్ పాయింట్ల మీద బూడిద రంగు పొర. సన్న ఎమరీ కాగితం ముక్క వాటి మధ్య నాలుగుసార్లు ఆడించి, పెట్రోలు గుడ్డతో తుడిచి, గ్యాప్ సరిచేశాడు. టప్! నీలం రవ్వ.

మూడో కిక్కుకు షెడ్డంతా పొగ.

“లీటరుకు 20 మిల్లీ టూటీ ఆయిల్ మర్చిపోవద్దు. నెలల తరబడి నిలబెట్టేటట్టుంటే నాబ్ మూసి, ఇంజన్ దానంతటదే ఆగిందాకా తిప్పల్ల” అన్నాడు మెకానిక్.

“మరి బ్యాటరీ?” అల్లుడు వదల్లేదు.

“ఆ డబ్బుతో కొత్త పైపు, కొత్త ప్లగ్గు వస్తాయి. మిగిలిందాంతో నాకు టీ తాపించు.”