పెట్టుడు మందు పెద్దమ్మ

గుమ్మంలో అడుగు పెట్టినవాడి మొహం చూస్తూనే పెద్దమ్మ బుగ్గలు నొక్కుకుంటుంది. "ఒరేయ్, నీకెవరో మందు పెట్టార్రా!"

ఆకలి మందగిస్తే పెట్టుడు మందే. ఒళ్లు చిక్కినా అదే. పెళ్లయిన కొత్తలో కొడుకు "అదన్నదాంట్లోనూ నిజముంది కదమ్మా" అన్నాడంటే ఇక నాడి చూడక్కర్లేదు, కోడలు పప్పుచారులో కలిపేసింది. చాలాసార్లు మందేమిటో తేలకముందే పెట్టిందెవరో తేలిపోతుంది.

ఆ తర్వాత కడుపు కడిగే కార్యక్రమం. పిల్లలకి ఆముదం, పెద్దలకి సునాముఖి కషాయం, మొండి మందైతే నేపాళం. నేపాళం గింజే విషం కదా, ఆయుర్వేదం వాళ్లు శుద్ధి చెయ్యందే ముట్టరు కదా అంటే, "విషానికి విషమే విరుగుడు" అని నోరు మూయిస్తుంది.

అలాగని ఆవిడది గాలివాటు వైద్యమనడానికీ లేదు. చరక సంహిత కల్పస్థానంలో 600 యోగాలుంటే 355 వాంతికి, 245 విరేచనానికి. విషచికిత్సకి చెప్పిన 24 ఉపక్రమాల్లో విరేచనం కూడా ఉంది. మిగతా 23 పెద్దమ్మ దాకా రాలేదు, అంతే. సుఖంగా కావడానికి తెగడ, మెత్తగా కావడానికి రేల, తీక్ష్ణంగా కావడానికి జెముడు పాలు అని చరకుడు ఓపిగ్గా తేడాలు చెప్పాడు. పెద్దమ్మకి జోరొక్కటే ప్రమాణం.

ఈ వైద్యంలో ఓటమి లేదు, అదీ దాని గొప్ప. జ్వరం మాత్ర పనిచేసిందో లేదో రేపటిదాకా ఆగి చూడాలి. దీని ఫలితం పూట తిరక్కుండా వీధంతటికీ తెలుస్తుంది. పెరటికీ మంచానికీ తిరిగి కళ్లు లోతుకుపోయినవాణ్ణి చూపించి, "చూశారా, మందు ఎంత పీల్చేసిందో!" అంటుంది. ఖాళీ కడుపుతో వాడు అన్నమో రామచంద్రా అంటే, "దిగిపోయింది" అని కొంగు దులుపుకుంటుంది.

మొన్న చేలో పురుగుల మందు కొడుతూ ఒక కూలీ పడిపోతే ఆముదం సీసాతో పరుగెత్తింది. అతనికి అప్పటికే నోట్లో చొంగ, విరేచనాలు. ఆ రకం విషం ఆ పని తనే చేస్తుంది. కావలసింది అట్రోపిన్ సూది. కుర్రాళ్లు సీసాని పక్కకి నెట్టి ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. రోజుల తరబడి మందులెక్కించి బతికించారు.

అతను ఇల్లు చేరగానే పెద్దమ్మ పరామర్శకి వెళ్లింది. సూదులూ సెలైన్లూ అన్నీ ఓపిగ్గా వింది.

"అవన్నీ సరేలే నాయనా, చివర్లో విరేచనానికేమైనా ఇచ్చారా?"