సుడి చూసి జట్టు

ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరుడి జాతరంటే తేరు, రంగులరాట్నం, మిరపకాయ బజ్జీలు అనుకుంటారు బయటివాళ్లు. మాకు మాత్రం జాతరంటే ఎద్దుల సంత. 2024 జనవరిలో ఆ సంతలో ఉన్నాను. ఎద్దు కొనేది మా బావమరిది, నేను ఉత్త సాక్షిని. ఒక చేతిలో బజ్జీల పొట్లం, ఇంకో చేతిలో ఫోను. ఫోన్లో మన జాతీయ ఫుట్‌బాల్ జట్టు ఖతార్‌లో సిరియాతో ఆసియా కప్ మ్యాచ్ ఆడుతోంది.

మావాడు ఎద్దు మూతి రెండు చేతులా పట్టి తెరిచాడు. నాలుగు పళ్లు. వయసు తేలిపోయింది. (వయసు దాచిన కుర్రాళ్లను పట్టుకోవడానికి ఫుట్‌బాల్‌లో మణికట్టు ఎముకలు స్కాన్ తీస్తారట. మా దగ్గర మూతి తెరిస్తే చాలు.) గిట్టలు తట్టాడు. మూపురం మీద అరచెయ్యి పెట్టి నొక్కాడు. ముందుకు నడిపించాడు, వెనక్కి నడిపించాడు. ఖాళీ బండికి కట్టించి, చక్రాలు తిరక్కుండా తాడు బిగించి లాగించాడు. అన్నీ అయ్యాక, చిట్టచివరన, సుడులు చూశాడు. వీపు మీది సుడి ఉండాల్సిన చోటుకి నాలుగు వేళ్లు పక్కనుంది. మావాడు నాలుక చప్పరించి, దిగులుగా మొహం పెట్టాడు. అమ్మేవాడి మొహంలోనూ కళ తప్పింది. ఇద్దరూ తువ్వాలు కప్పుకుని దాని కింద వేళ్లతో బేరమాడుకున్నారు. ఎద్దు మాదైంది.

దారిలో అడిగాను, "సుడి బాలేదంటివి, మళ్లా కొంటివి కదప్పా?"

"సుడి బాలేదంటే ఐదువేలు తగ్గించె కద బావా. ఎద్దు బాగుందిలే."

ఈ ముక్క ఢిల్లీలో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యకు తెలిసుంటే ఎంత బాగుండేదో. మావాడికి సుడి బేరానికి పనికొచ్చింది. వాళ్లు సుడికే డబ్బులు కట్టారు.

సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2023 సెప్టెంబరులో ఇండియన్ ఎక్స్‌ప్రెస్ బయటపెట్టింది. అంతకు ముందటేడు మే, జూన్ నెలల్లో, ఆసియా కప్ అర్హత మ్యాచ్‌లకు ముందు, జాతీయ జట్టు కోచ్ ఇగోర్ స్టిమాచ్‌కీ ఒక జ్యోతిష్కుడికీ మధ్య వంద దాకా మెసేజ్‌లు నడిచాయి. ఇద్దరినీ కలిపింది ఎవరో దారినపోయే దానయ్య కాదు, సమాఖ్య అప్పటి ప్రధాన కార్యదర్శే. స్టిమాచ్ ఏమన్నా తక్కువవాడా? 1998 ప్రపంచ కప్‌లో మూడో స్థానం తెచ్చుకున్న క్రొయేషియా జట్టులో డిఫెండరు. అంతటివాడు 2022 జూన్ 9న, అఫ్గానిస్తాన్‌తో మ్యాచ్‌కి రెండు రోజుల ముందు, పదకొండు మంది పేర్లు స్వామివారికి పంపాడు. అటునుంచి ఒక్కొక్కరికీ ఫలం వచ్చింది. ఒకడికి బాగుంది. ఒకడు బాగా ఆడతాడు గానీ అతివిశ్వాసం తగ్గించుకోవాలి. ఒకడికి రోజు అంతంతమాత్రం. ఇంకొకడికి రోజు దివ్యంగా ఉంది గానీ దూకుడు ఎక్కువవుతుంది. మరొకడు ఆ రోజుకి వద్దేవద్దు. మ్యాచ్ రోజు జట్టు ప్రకటిస్తే, గ్రహాలు అనుకూలించని ఇద్దరు ముఖ్యమైన ఆటగాళ్ల పేర్లు అందులో లేవు.

దూకుడు ఎక్కువవుతుందట! ఫార్వర్డుకి దూకుడు కాక వైరాగ్యం కావాలా?

దీనికి రుసుము రెండు నెలలకు పన్నెండు నుంచి పదిహేను లక్షలు. జట్టు అర్హత సాధించింది కాబట్టి అది పెద్ద మొత్తం అనిపించలేదని ఆ కార్యదర్శే సెలవిచ్చారు. మా ఆదోని బజారులో ఫుట్‌బాలు ఆరువందలు వేసుకుందాం. పన్నెండు లక్షలకు రెండు వేల బంతులు. ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు మండలాల్లో బడికి నాలుగేసి పంచినా ఇంకా మిగిలి, మిగిలినవి ఎక్కడ పెట్టాలో తెలీక హెడ్మాస్టర్లు బీరువాలకు తాళాలు వెతుక్కుంటారు.

న్యాయంగా చెప్పాలంటే స్వామివారి రికార్డు తీసిపారేసేది కాదు. కోల్‌కతాలో కంబోడియా మీద 2-0, అఫ్గానిస్తాన్ మీద 2-1, హాంకాంగ్ మీద 4-0. మూడుకు మూడూ నెగ్గారు. అఫ్గానిస్తాన్ మ్యాచ్‌లో 86వ నిమిషం దాకా గోలు లేదు, సునీల్ ఛెత్రి కొట్టాడు. వాళ్లు సమం చేశారు. ఆఖరి క్షణాల్లో సహల్ అబ్దుల్ సమద్ గెలిపించాడు. ఛెత్రి ఫ్రీకిక్ ఫలమా, గురుబలమా అన్నది పండితులు తేల్చుకోవాలి. అంతకుముందు జోర్డాన్ చేతిలో 0-2తో ఓడిన స్నేహపూర్వక మ్యాచ్‌కి కూడా మెసేజ్‌లు నడిచాయి గానీ, స్నేహంలో లెక్కలు చూడకూడదు.

సరే, అర్హత వచ్చింది. అసలు కప్‌లో ఏమైంది? ఆస్ట్రేలియాతో 0-2. ఉజ్బెకిస్తాన్‌తో 0-3. నేను బజ్జీలు తింటూ చూసింది సిరియాతో 0-1. ఉగాది పంచాంగంలో రాశికొక లెక్క వేస్తారు కదా, అట్లా వేస్తే మన జట్టుకి ఆదాయం 0, వ్యయం 6, రాజపూజ్యం 0, అవమానం 3. ఇంత స్పష్టమైన ఫలం ఏ సిద్ధాంతీ రాయలేదు.

జ్యోతిష్యం గొడవ పత్రికలో వచ్చిన వారానికే ఇంకో వినోదం. చైనాలోని హాంగ్‌జౌలో ఆసియా క్రీడలు. మొదట క్రీడా మంత్రిత్వ శాఖ జట్టును పంపనంది, ఆసియాలో మొదటి ఎనిమిదిలో లేరు కాబట్టి. స్టిమాచ్ ప్రధానికి ఉత్తరం రాసుకున్నాడు. పంపుతామన్నారు. ఈలోగా లీగు మొదలవుతోందని క్లబ్బులు ఆటగాళ్లను వదిలేది లేదన్నాయి. చివరికి అటు ఇటు నుంచి ఏరుకొచ్చిన జట్టు, మ్యాచ్‌కి ముందురోజు సాయంత్రం చైనాలో దిగింది. ఇద్దరికి వీసాలే ఆలస్యమయ్యాయి. మర్నాడు చైనా చేతిలో 1-5. తారాబలం, చంద్రబలం చూసుకునే సమాఖ్యకి విమానం టైము చూసుకునే తీరిక లేకపోయింది!

ఒకప్పుడు జట్టు ఎట్లా కట్టేవాళ్లో చూడండి. మన తెలుగు నేల మీదే సయ్యద్ అబ్దుల్ రహీం అనే ఒక బడిపంతులు ఉండేవాడు. హైదరాబాద్ పోలీసు జట్టును తయారుచేసి, 1950 నుంచి 54 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిపించాడు. 1951, 1962 ఆసియా క్రీడల్లో దేశానికి స్వర్ణాలు, మధ్యలో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. డ్రిబ్లింగ్ నిషేధించి కుర్రాళ్లకు టోర్నమెంట్లు పెట్టేవాడు, బంతి ఒకరి నుంచి ఒకరికి పోవడం అలవాటు కావాలని. 1962లో జకార్తాలో జర్నైల్ సింగ్‌కి తల పగిలి కుట్లు పడ్డాయి. అతనుండే డిఫెన్స్‌లోంచి తీసి సెంటర్ ఫార్వర్డుగా పెట్టాడు రహీం. ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1. రెండు గోల్స్‌లో ఒకటి ఆ కట్టుకట్టిన మనిషిదే. జాతకం చూపించి ఉంటే ఆ రోజు జర్నైల్‌కి రక్తగండం, బయటికి కదలకూడదని వచ్చేది.

అయినా హైదరాబాద్ వైభవంలో మా ఊరికి వాటా లేదు. నిజాం గారు 1800లోనే మమ్మల్ని ఇంగ్లీషువాళ్లకు రాసిచ్చేశారు. పోనీ ఫుట్‌బాల్ పుట్టిన దేశంవాళ్లే కదా, వాళ్లన్నా బంతి ఇస్తారనుకుంటే, పత్తి మూటలు కట్టుకుని పోయారు. 1953 దాకా ఆదోనిది బళ్లారి జిల్లా. అటు హైదరాబాదూ కాక, ఇటు బళ్లారీ కాక, ఈ ఎర్రటి ఎండలో క్రికెట్టు పట్టుకున్నాం.

కొత్త కబురు తెలుసు కదా? 2027 ఆసియా కప్‌లో ఇరవై నాలుగు జట్లు ఆడతాయి. మనం లేం. 2025 అక్టోబరు 14న గోవాలో, మన గడ్డ మీద, సింగపూర్ 2-1తో పంపించేసింది. సింగపూర్ జనాభా అరవై లక్షలు. ఉమ్మడి కర్నూలు జిల్లాకి ఒకటిన్నర రెట్లు. అర్హత పోటీల మధ్యలో కోచ్ మారాడు, ముందే రిటైరైన ఛెత్రి నలభై ఏళ్ల వయసులో తిరిగొచ్చాడు. నూట నలభై కోట్ల మందిలో గోలు కొట్టేవాడు ఇంకొకడు దొరక్క, ఇంటికెళ్లినాయన్ని బతిమాలి తెచ్చుకున్నాం. మా ఆదోని మార్కెట్ యార్డులో వ్యాపారి పత్తి కుప్పలోకి చెయ్యి జొనిపి, అడుగు నుంచి పింజ తీసి, వేళ్ల మధ్య సాగదీసి చూడందే ధర చెప్పడు. సమాఖ్యవాళ్లు కుప్ప దగ్గరికే రారు.

కాబట్టి సమాఖ్యవారికి నాదొక విన్నపం. కుర్రాళ్లను వెతికే మనిషిని మా వైపు పంపడం మీకు ఎటూ కుదరదు. జ్యోతిష్కుణ్ణే పంపండి. మేం ఏమీ అనుకోం. ఆయనకి పని కూడా తేలిక. మా పల్లెల్లో పుట్టిన తేదీ బడిలో చేర్చుకునే రోజు అయ్యవారు రాస్తారు. ఆయన కలానికి జూన్ ఒకటి అలవాటు. ఒక తరగతిలో సగం మంది అదే రోజు పుట్టుంటారు, సర్టిఫికెట్ల సాక్షిగా. ఒక్క జాతకం వేస్తే పదకొండు మందికీ సరిపోతుంది, గోల్‌కీపరుతో సహా. రోజు బాగుంటే అందరికీ బాగుంటుంది, అతివిశ్వాసం ఉంటే అందరూ కలిసి తగ్గించుకుంటారు. పదిహేను లక్షలు అక్కర్లేదు, దక్షిణ తాంబూలంలో పెట్టి ఇస్తాం.

ఒక్కటే చిక్కు, ముహూర్తం చూసుకుని రావాలి. దసరా వెళ్లాక మాత్రం వద్దు. జనవరిలో అయితే అసలే వద్దు. కోసిగిలో ఏ వీధికి పోయినా ఇళ్లకు తాళాలు కనపడతాయి. సెంటర్ ఫార్వర్డు, ఇద్దరు వింగర్లు, వాళ్ల అమ్మానాన్నలు గుంటూరు వైపు మిరపకాయలు కోస్తుంటారు.