రోజుకో మిల్లీమీటరు

ఆయనది గంభీరావుపేట. రోజూ బస్సెక్కి సిరిసిల్ల పోయి సాంచాలు (మరమగ్గాలు) నడుపుతాడు. ఒకనాడు షెడ్డు కిటికీ అద్దం పగిలి కుడి మణికట్టు కోసుకుపోయింది. కరీంనగర్‌లో డాక్టరు తెగిన నరాన్ని కుట్టి కలిపాడు. పుండు మానింది. బొటనవేలికి, చూపుడువేలికి, నడిమివేలికి మాత్రం సోయి రాలేదు.

నెలకు మళ్లీ పోయాడు.

"సారూ, పోగు తెగితే నేను ముడేస్త. సాంచా అప్పుడే నడుస్తది. మీరు ముడేసి నెలాయె."

"నరం అట్ల గాదు కాకా. కోతకు కింద ఉన్న పోగులన్నీ చచ్చిపోతయి. రక్తంలకెల్లి మాక్రోఫేజ్‌లనే కణాలు వచ్చి ఆ కుళ్లంతా తినాలె. తొవ్వ సాఫైతెనే పైనుంచి కొత్త పోగు దిగుతది. రోజుకు ఒక మిల్లీమీటరు."

కోతకు అవతలి పోగులు చెదిరిపోవడాన్ని 1850లోనే అగస్టస్ వాలర్ కప్ప నాలుక నరాల్లో చూశాడు. తెగిన నరం తొందరగా కుళ్లని ఎలుకల జాతి ఒకటుంది. వాటి నరంలోకి మాక్రోఫేజ్‌లు ఆలస్యంగా చేరతాయి. స్పర్శ పోగులు మొలవడమూ ఆలస్యమే.

డాక్టరు వేళ్ల కొసల నుంచి మణికట్టు వైపు వేలితో తట్టుకుంటూ వచ్చాడు. ఒకచోట తడితే వేళ్లలోకి జుమ్మని పాకింది. కొత్త పోగు కొస అక్కడిదాకా వచ్చిందన్నమాట. నీలి పెన్నుతో గీత పెట్టాడు.

ఆయన పోయి సాంచాల ఆసామికి ఆ గీత చూపించాడు.

"నిమ్మలంగా నయం చేసుకో. సాంచాలు యాడికి పోతయి?" అన్నాడు ఆసామి.

స్నానం చేస్తే గీత చెరిగేది. ఆయన తుడుచుకుని, తట్టి చూసుకుని, మళ్లీ గీసుకునేవాడు. నెలకు అంగుళం కన్నా కొంచెం ఎక్కువ జరిగేది. మణికట్టు దాటింది. అరచేయి దాటింది. ఇంటి ఖర్చు భార్య చుట్టిన బీడీల మీద నడిచింది.

ఎనిమిదో నెల గడిచాక ఒక పొద్దున కళ్లు మూసుకుని తువ్వాలు అంచు నుంచి పోగు లాగాడు. రెండు వేళ్ల మధ్య నలిపాడు. పోగు తగిలింది.

మొదటి బస్సుకే సిరిసిల్ల పోయాడు. షెడ్డు తలుపు తీసే ఉంది. నేల శుభ్రంగా ఊడ్చి ఉంది. గిట్టుబాటు కాక ఆసామి సాంచాలన్నీ కిలోల లెక్కన తుక్కుకు అమ్మేసి పది రోజులైంది.