వాగ్గేయకారుడికి ఆధారం చూపవలెను

ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు, ఎవరైనా చెరిపేయవచ్చు అనే మూడు వెసులుబాట్ల మీద నడిచే ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వాన్ని వికీపీడియా అంటారనీ, అది ఇంగ్లీషులో 2001లోనూ తెలుగులో 2003 డిసెంబరులోనూ మొదలైందనీ బడిపిల్లలకు సైతం తెలుసు. వాళ్ల ప్రాజెక్టు పనులన్నీ అక్కడి నుంచే దిగుమతి అవుతాయి కనుక ఉపాధ్యాయులకు ఇంకా బాగా తెలుసు. తెలుగు విభాగానికి నాంది పలికినవారు వెన్న నాగార్జున. నాగార్జునసాగర్ కుడిగట్టున ఉన్న విజయపురి సౌత్‌కూ ఆ పేరుకూ ఏదో పూర్వజన్మ సంబంధం ఉందని స్థానిక మేధావి ఎవరైనా సిద్ధాంతం చేయదలిస్తే, దాన్ని ఆ సర్వస్వంలో మాత్రం రాయరాదు. సొంత బుర్రతో కనిపెట్టిన సంగతిని అక్కడ ‘మౌలిక పరిశోధన’ అంటారు, అది నిషిద్ధం. ఈ నిషేధం మన విశ్వవిద్యాలయాల్లో చాలాకాలంగా అనధికారికంగా అమలవుతున్నదే.

ఈ సర్వస్వంలో ఊరికి చోటు దొరకడం తేలిక, మనిషికి కష్టం. ఊరు జనగణనలో లెక్కకెక్కితే చాలు, 2011 నాటి జనాభా, విస్తీర్ణం, పిన్‌కోడు, దగ్గరి పట్టణం ఎన్ని కిలోమీటర్లో చెప్పే నాలుగు వాక్యాలతో పేజీ సిద్ధమవుతుంది. ఆ జనాభాలోని ఒక్కడు తనకూ పేజీ కావాలంటే మాత్రం ‘విషయ ప్రాముఖ్యత’ నిరూపించుకోవాలి. విషయ ప్రాముఖ్యత అంటే గొప్పతనం కాదు. చుట్టరికం గాని లావాదేవీ గాని లేని ఇతరులు, సంపాదకుడూ బాధ్యతా ఉన్న పత్రికలోనో పుస్తకంలోనో, పేరు ప్రస్తావించి వదిలేయకుండా అతని గురించి విపులంగా రాసి ఉండటం. చుట్టరికమూ లావాదేవీ లేకుండా ఒక పాటగాడి గురించి విపులంగా రాసే తీరిక పల్నాడులో ఎవరికుంటుందో ఆ నియమం చెప్పదు.

విజయపురి సౌత్ ప్రాజెక్టు క్వార్టర్లలో పుట్టి, నాగార్జునకొండకు లాంచీలెక్కే యాత్రికుల రద్దీలో గిటారు నేర్చిన ఒక స్వతంత్ర గాయకుణ్ణి పాఠకులు ఊహించుకోవచ్చు. స్వతంత్ర గాయకుడు అంటే తన పాట తానే రాసుకొని, తానే బాణీ కట్టి, తానే పాడి, ఏ సినిమా కంపెనీ ప్రమేయం లేకుండా యూట్యూబులో పెట్టుకొని, పెళ్లిళ్ల సీజనులో మాత్రం మాచర్లలో ఆర్కెస్ట్రా వాళ్లతో కలిసి సినిమా పాటలే పాడి ఇల్లు గడుపుకునేవాడు. అతని పేజీ రాసే బాధ్యత సహజంగానే బామ్మర్ది మీద పడుతుంది. బామ్మర్దికి తెలిసిన గద్యరచనా సంప్రదాయం ఫ్లెక్సీ ఒక్కటే కనుక, వ్యాసం ‘పల్నాటి గానగంధర్వుడు, స్వరబ్రహ్మ, యువతరం గుండెచప్పుడు’ అని మొదలై, జన్మదిన శుభాకాంక్షల దగ్గర ఆగుతుంది.

అప్పుడు నిర్వాహకుడు, అనగా పేజీలను తొలగించే అధికారం గల స్వచ్ఛంద సేవకుడు, రంగప్రవేశం చేసి పొగడ్త మాటలన్నీ తీసివేయగా ‘ఈయన ఒక గాయకుడు’ అన్న వాక్యం మిగులుతుంది. ఇంత పొట్టి వ్యాసాన్ని అక్కడ ముద్దుగా ‘మొలక’ అంటారు. ఆ మొలకకూ మూలాలు లేవని తేలడంతో దాని నెత్తిన తొలగింపు నోటీసు పడుతుంది. చర్చాపేజీలో బామ్మర్ది ‘మా ఊళ్లో ఎవర్నడిగినా చెబుతారు’ అని వాదిస్తాడు, ఎవర్నడిగినా చెప్పడం మూలం కిందకు రాదని నిర్వాహకుడు బదులిస్తాడు, బామ్మర్ది నోటీసు పీకేస్తాడు, నిర్వాహకుడు తిరిగి పెడతాడు. దీన్ని దిద్దుబాటు యుద్ధం అంటారు. ఇరవై నాలుగు గంటల్లో మూడుసార్లకు మించి ఒకరి రాతను ఒకరు వెనక్కి తిప్పరాదన్న నియమం దీనికోసమే పుట్టింది. కోడిపందెంతో రాజుకొని కారంపూడి రణరంగం దాకా నడిచిన పల్నాటి వైరానికి ఇలాంటి నియమం ఉండి ఉంటే తెలుగువారికి ఒక వీరగాథ తక్కువయ్యేది.

ఈ కొలతబద్ద ఎంత నిష్పాక్షికమో తెలియాలంటే పాతవారికీ పెట్టి చూడాలి. తాళ్లపాక అన్నమాచార్యుడు (1408–1503) తన పాట తానే కట్టి తానే పాడినవాడు, రాజుల కోసం పాడనన్నవాడిగా పేరుపడ్డవాడు, అంటే నేటి అర్థంలో నిఖార్సయిన స్వతంత్ర గాయకుడు. అయితే ఆయన సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించే పనికి పూనుకున్నది కొడుకు పెదతిరుమలయ్య, జీవితచరిత్రను ద్విపదలో రాసింది మనవడు చిన్నన్న. మొదటిది స్వీయప్రచురణ. రెండోది ప్రయోజన వైరుధ్యం, అంటే ఎవరి పేరు పెరిగితే తన పేరూ పెరుగుతుందో వారి గురించే కలం పట్టడం. పైగా ఆ రేకులు తిరుమల గుడిలోని ఒక అరలో శతాబ్దాలపాటు పడి ఉన్నాయి గనుక వీక్షణల సంఖ్యా చెప్పుకోదగ్గది కాదు. చర్చాపేజీలో చిన్నన్న గతి బామ్మర్ది గతి కంటే మెరుగ్గా ఉండేదని నమ్మడానికి ఆధారం లేదు.

ఇక విజయపురి సౌత్‌కు దగ్గరలోనే, అనుపులో, నాగార్జునకొండ లోయ సాగర్ నీళ్లలో మునగకముందే రాయి రాయి తరలించి తిరిగి నిలిపిన ఇక్ష్వాకుల కాలపు ప్రేక్షాగారం ఉంది; మధ్యలో పలికిన మాట పై మెట్టు దాకా వినిపిస్తుందని దాని ప్రసిద్ధి. ఆ లోయ శాసనాలు మహాచైత్యానికి ధనమిచ్చిన చాంతిసిరి పేరును భద్రపరిచాయి, ఉపాసిక బోధిసిరి ఎక్కడెక్కడ ఏమేమి కట్టించిందో జాబితా వేసి మరీ చెప్పాయి. ఆ మెట్ల నడుమ గొంతెత్తినవాడెవడో చెప్పే శ్రద్ధ మాత్రం అవి తీసుకోలేదు. స్పాన్సరుకు మూలం ఉంటుంది, పాటగాడికి ఉండదు అన్న నియమం పదిహేడు శతాబ్దాలుగా ఈ కుడిగట్టున చెక్కుచెదరలేదు. కారంపూడిలో కార్తీక అమావాస్యకు వీరుల కథ పాడే వీరవిద్యావంతుల్లో ఎందరి పేర్లు బయటివారికి తెలుసు? గాలెయ్య అనే గాయకుడి పేరు తెలిసిందంటే అది అమెరికన్ పరిశోధకుడు జీన్ రోగెయిర్ ఆయన పాడగా రికార్డు చేసుకొని, 1982లో ఆక్స్‌ఫర్డ్ ముద్రణాలయం ద్వారా పుస్తకం వేయించిన పుణ్యం. అంతకుముందు తరతరాల గొంతుల్లో ఉన్న కథ మౌఖికం, అట్ట మీద ఆక్స్‌ఫర్డ్ పేరు పడిన కథ ప్రామాణికం.

పరదేశి పరిశోధకుడు దొరకనివారికి పోలీసులు దిక్కు. గాయకుడి గురించి చుట్టరికం లేకుండా, విపులంగా, తేదీలతో సహా రాసే అలవాటు మన దేశంలో చారిత్రకంగా ఆ శాఖకే ఉంది. తెల్లదొరతనం వద్దని పాట కట్టి పాడినందుకు గరిమెళ్ల సత్యనారాయణ 1922లో జైలుకు వెళ్లారు. ఆయన విషయ ప్రాముఖ్యతను తొలుత గుర్తించిన సంస్థ బ్రిటిష్ ప్రభుత్వమే. ఆ తర్వాత 1952లో మద్రాసులో పేదరికంలో కన్నుమూసినప్పటికి ఆ సంస్థ దేశంలో లేదు. ప్రజాగాయకుడు గద్దర్ మీద 1997 ఏప్రిల్ 6న తూటాలు పేలినప్పుడు పత్రికల మొదటి పేజీలు దొరికాయి. 2023 ఆగస్టు 6న మరణించాక ప్రభుత్వ లాంఛనాలూ దొరికాయి. దరిమిలా తెలంగాణ ప్రభుత్వం ఆయన పేరిట పురస్కారాలు స్థాపించింది, వాటిని సినిమాలకిస్తున్నది. జీవితంలో ఎక్కువభాగం సినిమా వెలుపలే పాడినవాడి గౌరవార్థం సినిమావాళ్లను సన్మానించడంలోని ఔచిత్యం వివరించగల మూలం ఇంకా లభ్యం కాలేదు.

విజయపురి సౌత్ గాయకుణ్ణి జైలుకు పంపే ఉద్దేశం బామ్మర్దికి లేదు, అక్క ఒప్పుకోదు. హైదరాబాదులో డబ్బు తీసుకొని పేజీ చేసిపెడతామనే వాళ్లున్నారు గాని, ప్రతిఫలం పుచ్చుకొని రాసేవారు ఆ సంగతి బయటపెట్టాలని 2014 నుంచి వికీమీడియా నిబంధన ఉంది, బయటపెడితే పరువు పోతుంది. కనుక అతడు విలేకరిని ఆశ్రయిస్తాడు. విలేకరికి సమాచారం కావాలి; బామ్మర్ది దగ్గర తొలగించిన పేజీ నకలు ఉంది. అది జిల్లా పేజీలో ‘సాగర తీరాన స్వరఝరి’ అనే శీర్షికతో, గానగంధర్వుడితో సహా యథాతథంగా అచ్చవుతుంది. మర్నాడు పేజీ పునర్జన్మ ఎత్తుతుంది, మూలంగా పత్రికను చూపుతుంది. పత్రిక ఎవరైనా అడిగితే వికీపీడియాను చూపుతుంది. ఇలా రెండు అబద్ధాలు ఒకదానికొకటి జామీను పడటాన్ని వర్తుల మూలం అంటారు.

నిర్వాహకుణ్ణి ఇందులో తప్పుపట్టడం అన్యాయం. జీతం లేకుండా, రాత్రి భోంచేశాక కూర్చొని, కొద్దిమంది ఈ కాపలా కాయకపోతే తెలుగు విజ్ఞాన సర్వస్వం ఈపాటికి ఫ్లెక్సీల గోదాము అయ్యేది. మూలం అడగడం అతని పని. మూలం పుట్టించవలసిన పత్రికలు విడుదల కాని సినిమా టీజరు గురించి అర పేజీ రాసి, విడుదలైన పాట సినిమాది కాదు గనుక దాన్ని ‘ప్రైవేటు’ అని పక్కన పెట్టడం అతని పరిధిలోది కాదు. ఇది అచ్చవుతున్నదీ పత్రికలోనే కనుక ఆ విమర్శను ఇక్కడితో ఆపడం క్షేమం.

పేజీ రెండోసారి కూడా పోయాక బామ్మర్దికి అసలు దారి కనిపిస్తుంది. ఊరి పేజీని ఎవరూ తొలగించరు, పెద్దగా చూడరు కూడా. దాని అడుగున, కుడి కాలువ, లాంచీ స్టేషను, బస్సు సౌకర్యం దాటాక, ‘ప్రముఖులు’ అనే విభాగం పెట్టి బావ పేరు చేరుస్తాడు. ఆరు నెలల తర్వాత ఎవరో వచ్చి ఆ పేరు పక్కన ‘ఆధారం చూపాలి’ అని పెట్టి వెళ్తారు. అప్పటికి ఆ జాబితాలో రెండో పేరు కూడా ఉంటుంది: బామ్మర్దిది, చరిత్రకారుడు అన్న హోదాతో.