ఎలుకగా పుడితే షుగర్ పోతుంది

షుగర్ శాశ్వతంగా పోవాలంటే మనిషిగా పుట్టి లాభం లేదు. ఎలుకగా పుట్టాలి, అదీ పేరున్న విశ్వవిద్యాలయంలో. మన పేపర్లలో "షుగర్‌కు చెక్" అన్న హెడ్డింగు ఏటా ఎన్నిసార్లు పడుతుందో! వార్త చివర, ప్రకటనకు ఆనుకుని మిగిలిన జానెడు చోటులో, ప్రయోగం ఎలుకల మీద అన్న ముక్క బిక్కుబిక్కుమంటూ కూర్చుని ఉంటుంది.

వీటిలో నాకు మహా ఇష్టమైనది గ్లూకగాన్ కథ. ఇన్సులిన్ రక్తంలో చక్కెరను దించితే, గ్లూకగాన్ ఎక్కిస్తుంది. క్లోమంలోని ఆల్ఫా కణాలు దాన్ని వదులుతాయి, కాలేయంలోని రిసెప్టర్ అందుకుని, దాచిన చక్కెరను బయటికి పంపిస్తుంది. కాబట్టి ఆ ఒక్క రిసెప్టర్‌ను మూసేస్తే చాలు, మిగతా ఒంటికి తెలియను కూడా తెలియదట! 2011లో టెక్సాస్‌లో రోజర్ ఉంగర్ బృందం, పుట్టుకతోనే ఆ రిసెప్టర్ లేని ఎలుకల్లో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను రసాయనంతో చంపింది. అయినా వాటికి షుగర్ రాలేదు. ఇక ఇన్సులిన్ కథ కంచికే అని సంబరపడ్డవాళ్లున్నారు. 2016లో మరో బృందం బీటా కణాలను ఇంచుమించు పూర్తిగా తుడిచిపెట్టి చూస్తే, రిసెప్టర్ లేని ఎలుకలకూ షుగర్ వచ్చింది. ఇలాంటి వార్తకు బాక్సు కట్టే సబ్ ఎడిటర్ ఇంకా పుట్టలేదు.

ఈలోగా ఆ రిసెప్టర్‌ను మూసే మందులు మనుషుల దాకా వచ్చాయి. మెర్క్ వారి ఎంకే-0893, ఎలై లిల్లీ వారి ఎల్‌వై2409021. న్యాయం చెప్పుకోవాలి, షుగర్ తగ్గింది. లిల్లీ మందు పెద్ద మోతాదుతో ఆరు నెలల్లో హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల షుగర్ సగటు, 0.9 శాతం పాయింట్ల దాకా దిగింది. దిగనివి కూడా ఉన్నాయి: మెర్క్ మందుతో చెడ్డ కొలెస్టరాల్ పెరిగింది, లిల్లీ మందుతో కాలేయ ఎంజైములు, బీపీ, కాలేయంలో కొవ్వు పెరిగాయి. ఒక్క మాత్రతో ముగ్గురు డాక్టర్లకు పని.

మండలాఫీసులో చేతివాటం గుమాస్తాను సస్పెండ్ చేస్తే పీడ విరగడైందనుకుంటాం. తీరా చూస్తే పింఛన్లు, రేషన్ కార్డులు, పట్టాలు అన్నీ ఆయన బల్ల మీదే! గ్లూకగాన్‌ది అదే ఉద్యోగం. కాలేయంలో కొవ్వు ఖర్చయ్యేలా చూస్తుంది, ఎమైనో ఆమ్లాలను సర్దుతుంది. దాన్ని ఆపితే ఎమైనో ఆమ్లాలు రక్తంలో పేరుకుంటాయి. వాటిని చూసి ఎలుకల్లో ఆల్ఫా కణాలు ఇబ్బడిముబ్బడిగా పెరిగాయి. పుట్టుకతోనే ఈ రిసెప్టర్ చెడిపోయిన అరుదైన మనుషుల్లోనైతే క్లోమంలో గడ్డలే కనబడ్డాయి. మందు ఎంత ఏరికోరి ఒక్క రిసెప్టర్‌నే పట్టుకున్నా, ఆ రిసెప్టర్ ఏరికోరి ఒక్క పనే చెయ్యదు కదా.

అసలు తమాషా తర్వాత మొదలైంది. అదే లిల్లీ కంపెనీ ఇప్పుడు రెటాట్రూటైడ్ అనే సూదిమందు తెచ్చింది. నిన్నటిదాకా మూయాలన్న గ్లూకగాన్ రిసెప్టర్‌ను, మరో రెండు రిసెప్టర్లతో కలిపి, ఇది బార్లా తెరుస్తుంది. 2023లో వెలువడిన పరీక్షలో 48 వారాలకు బరువు 24 శాతం దాకా తగ్గింది, కాలేయంలో కొవ్వూ బాగా కరిగింది. శాస్త్రజ్ఞులను తప్పుపట్టను, చూసి, సరిచూసి, దారి మార్చుకోవడం వాళ్ల వృత్తి. మూసినప్పుడు పెట్టిన హెడ్డింగునే తెరిచినప్పుడూ సిగ్గుపడకుండా పెట్టేవాళ్ల గురించే నా గోల.

మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్లని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో తేల్చింది. వాళ్లలో వాట్సాప్ పెద్దాయన ఒకడైనా ఈ పాటికి మెట్‌ఫార్మిన్ మానేసి ఉంటాడు. 1957లో ఫ్రాన్స్‌లో జాన్ స్టెర్న్ షుగర్‌కు వాడిచూపిన ఆ ముసలి మాత్రను ఇంకా మింగడమేమిటని ఆయన బాధ. ఆ రిసెప్టర్ మందు వచ్చిందా అని మందుల షాపులో అడుగుతున్నాడు. షాపతను వచ్చే సోమవారం రమ్మంటున్నాడు.