నుదుటి వెనక గాడి

నేను మెదడులో ఒక గాడిని. డాక్టర్లు పెట్టిన పేరు పారాసింగ్యులేట్ సల్కస్. నుదుటి వెనక, మెదడు రెండు సగాలూ ఎదురెదురుగా ఉండే లోపలి వైపు నా చోటు. కడుపులో బిడ్డకు నెలలు నిండబోతుండగా, పెద్ద మడతలన్నీ పడ్డాక ఏర్పడతాను. ఆలస్యంగా వచ్చినందుకేమో, అందరిలో ఒకేలా ఉండను. కొందరిలో రెండు వైపులా పొడుగ్గా, కొందరిలో ఒకవైపే, కొందరిలో అసలుండను.

నేనున్నది ఆస్ట్రేలియాలో స్కిజోఫ్రీనియా ఉన్న ఒకాయన తలలో. ఎడమవైపు కురచ. సింకు దగ్గర గిన్నెలు కడుగుతూ 'ఇక కుళాయి కట్టెయ్యాలి' అనుకుంటాడు మా యజమాని. వెంటనే వెనక నుంచి ఎవరో 'కట్టెయ్!' అని గద్దిస్తారు. చెయ్యి తుడుచుకోకుండానే గిరుక్కున తిరుగుతాడు. తలుపు వేసే ఉంటుంది. తాడును చూసి పామనుకోవడం కాదిది. ఇక్కడ తాడే లేదు, పాము మాత్రం బుసకొడుతోంది.

మనసులో పుట్టిందేదో, బయటి నుంచి వచ్చిందేదో తేల్చే పనిలో మా పేటకు పెద్ద పాత్ర ఉంది. 2011లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు 53 మంది ఆరోగ్యవంతులకు 'లారెల్ అండ్ హార్డీ' లాంటి జంట మాటలు చూపించారు. కొన్నిచోట్ల రెండో మాట ఖాళీ వదిలి ఊహించుకోమన్నారు. తర్వాత, ఆ మాట చూశారా, ఊహించారా అని అడిగితే, రెండు వైపులా నేను లేనివాళ్లు ఎక్కువగా తడబడ్డారు. వాళ్లకు ఏ జబ్బూ లేదు సుమా!

2015లో జేన్ గారిసన్, జాన్ సైమన్స్ బృందం ఆస్ట్రేలియాలో భద్రపరచిన 153 మంది స్కాన్లలో నన్ను కొలిచింది. 113 మంది స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లు. వాళ్లలో 79 మందికి భ్రాంతులు, అంటే లేనివి వినపడటం, కనపడటం. ఆ 79 మందిలో, మిగతావాళ్లకంటే, నేను సగటున పొట్టి. ఒక సెంటీమీటరు తగ్గితే భ్రాంతులు కలిగే అవకాశం 19.9 శాతం పెరుగుతుందని లెక్క తేల్చారు.

అప్పటినుంచి నేరమంతా నా నెత్తినే. నేనొప్పుకోను. గొంతులు వినపడే వేళ శబ్దాన్ని గ్రహించే భాగాలు కూడా చురుగ్గా ఉంటాయని స్కాన్లలో కనపడింది కదా, వాటినీ నిలదీయండి! పైగా ఆ శాతం గుంపుల్ని పోల్చి కట్టిన లెక్క. నా కొలత ఒక్కటీ చూసి ఫలానావాడికి గొంతులు వినపడతాయని ఎవరూ రాసివ్వలేరు. మందు రాసేముందు మా యజమాని డాక్టరమ్మ నా ఊసే ఎత్తలేదు. గొంతులు ఎప్పుడొస్తున్నాయి, ఏమంటున్నాయి, నిద్ర పడుతోందా అని అడిగింది.